ఎవరో ఒకరు అందించాలి

"నా మెషీన్‌లో బాగానే నడుస్తోందక్కా!" ఫోన్లో మొత్తుకున్నాడు ఆఫీసులో అందరూ 'కంగారు' అని పిలిచే సహోద్యోగి. పేరుకు తగ్గట్టే పని ముందు, ఆలోచన తర్వాత.

"నీ మెషీన్‌లో రోగులు లేరుగా నాయనా. క్లౌడ్‌లో లాగ్ చదువు, ఎక్కడ ఆగిందో రాసుంటుంది."

ఆసుపత్రి వరండాలో, ఒళ్ళో లాప్‌టాప్‌తో కూర్చుని ఉందామె. దాతల అవయవాలను రోగులతో జతకూర్చే అప్లికేషన్ ఆమె రాసిందే. పొద్దుటి నుంచి అది మొదటి మెట్టులోనే కూలబడుతోంది. గాజు తలుపు వెనక ఆమె ఒక్కగానొక్క కొడుక్కి యంత్రం ఊపిరి పోస్తోంది.

భర్త వచ్చాడు. చేతిలో పిల్లవాడి బూటు ఒకటే ఉంది. రెండోది రోడ్డు మీదే పడిపోయింది.

"సంతకాలు పెట్టేశాను. ఎక్కువసేపు ఆగలేమంటున్నాడు డాక్టరు. ఆ పనేదో మీ ఆఫీసువాళ్ళు చూసుకుంటారు, నువ్వొచ్చి వాడి పక్కన కూర్చో."

"ఇప్పుడు వాడికి నేను చేయగలిగింది ఇదొక్కటేనండీ." ఏడిస్తే తెర కనబడదని ఏడుపు దిగమింగింది.

"దొరికిందక్కా! దూరం లెక్కగట్టే సర్వీసు అందలేదంటోంది లాగ్. జతకూర్చే క్లాసుకి అది కావాలని నిన్న కన్‌స్ట్రక్టర్‌లో చేర్చింది నేనే."

"చేర్చావు సరే, అప్లికేషన్ మొదలయ్యే చోట, స్టార్టప్‌లో, దాన్ని రిజిస్టర్ చేశావా?"

"టెస్టులో చేశా... అసలుదాంట్లో మర్చిపోయా."

"ఆ క్లాసు తనకు కావలసింది తను తయారు చేసుకోలేదురా. బయటి నుంచి ఎవరో ఒకరు అందించాలి. అందకపోతే అక్కడే ఆగిపోతుంది," అంటూనే ఆ ఒక్క లైనూ రాసి క్లౌడ్‌లోకి ఎక్కించింది.

వర్క్‌ఫ్లో మళ్ళీ మొదలైంది. ఒక్కో మెట్టూ పచ్చబడుతూ వచ్చింది. చివరికి తెర మీద పడింది: గుండె సరిపోయింది.

అప్పుడు భోరుమందామె.

నర్సు తలుపు తీసింది. "థియేటరుకు తీసుకెళ్తున్నామమ్మా."

కదులుతున్న మంచం వెంట నడుస్తూ కొడుకు నుదుటిమీద ముద్దు పెట్టుకుంది. "భయపడకు నాన్నా. అమ్మ ఇక్కడే ఉంటుంది."

తలుపులు మూసుకున్నాయి. భర్త బూటును రెండు చేతులా పొదువుకున్నాడు.

"వాళ్ళెవరో మనకి తెలుస్తుందా?"

"తెలీదండీ. పేర్లు కనబడకుండా నేనే రాశాను."

"ఎవరైతేనేం, చల్లగా ఉండాలి," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఇంకెవరి ఒంట్లోనో కొట్టుకోబోయే ఆ గుండె వాళ్ళబ్బాయిదే.