నీలం కుర్చీ

"ఆ కుర్చీ మళ్ళీ మన గడప లోపలికి వచ్చిందంటే నేను ఊరుకోను. ఇది మూడోసారి చెప్పడం," అన్నాడు కొడుకు.

"అరవకండి. అత్తయ్య వింటున్నారు," అంది కోడలు.

"వినాలనే అరుస్తున్నా!"

అత్తగారు కిటికీ పక్కన కూర్చుని వింటూనే ఉంది. కుడిచేతి చూపుడు వేలికి ఇంకా కట్టు ఉంది. పోయిన వారం ఎర్ర కుర్చీకి చివరి పేము బద్ద దూరుస్తుంటే గుచ్చుకుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకునే మనిషి. అంత చిన్న గాటుకే ముప్పావుగంట రక్తం ఆగలేదు. రెండు తువ్వాళ్ళు తడిసిపోయాయి.

ఉద్యోగం నుంచి దిగిపోయాక సరదాగా నేర్చుకున్న పని అది. ఇంట్లో కుర్చీలన్నీ ఆవిడ అల్లినవే. పోయినేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. "ఇక ఈ చెయ్యి కుర్చీ అల్లదు," అని ఆసుపత్రి వ్యాయామాల గదిలో అందరి ముందూ ఏడ్చేసింది.

ఆ తరువాత వారానికే ఎవరో ముసలాయన, సైకిలు వెనక అల్లిక తెగిన నల్ల కుర్చీ కట్టుకుని వచ్చాడు.

"ఇక్కడ కుర్చీలు అల్లుతారటగా అమ్మా?"

నల్లదానికి రెండు నెలలు పట్టింది. తరువాత తెచ్చిన ఆకుపచ్చదానికి నెల. ఎర్రదానికి ఇరవై రోజులు. మధ్యమధ్య ఆయన వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుని, కాసేపు ఆవిడ అల్లిక చూసి వెళ్ళేవాడు. మనవరాలు ఆయనకి 'కుర్చీ తాత' అని పేరు పెట్టింది.

గేటు చప్పుడైంది.

కుర్చీ తాతే. సైకిలు మీద ఈసారి నీలం కుర్చీ.

కొడుకు విసురుగా వెళ్ళి గేటుకి అడ్డంగా నిలబడ్డాడు.

"మీ ఇంట్లో కుర్చీల మీద ఏనుగులు కూర్చుంటాయా? ఒకటయ్యేసరికి ఇంకొకటి!"

"ఏనుగులెక్కడివి బాబూ, నేనే," అని నవ్వాడాయన. అంతలో కిటికీలోంచి వేలి కట్టు కనిపించి నవ్వు ఆపేశాడు.

"అయ్యో. బద్ద సరిగా నానలేదేమో."

"నానిందో లేదో మాకనవసరం. మా అమ్మ చేత ఊడిగం చేయించుకున్నది చాలు."

"ఈ ఒక్కటీ ఉంచండి. అల్లినంతసేపూ నేను పక్కనే కూర్చుంటాను."

"ఒక్కటీ వద్దు, అరా వద్దు."

"పోనీ ఇంకేదైనా పని చెప్పండి. ఆ చేతిని మాత్రం ఊరికే ఉంచకండి బాబూ."

"మీరేమైనా డాక్టరా?"

ఆయన తాడు బిగించి సైకిలు వెనక్కి తిప్పుకున్నాడు.

అది సందు మలుపు తిరిగేదాకా అత్తగారు కిటికీ ఊచ పట్టుకుని చూసింది.

వారం తిరిగేసరికి ఆవిడ జాకెట్టు హుక్కులు కోడలు పెట్టవలసి వచ్చింది.

రెండో వారం చెంచా ఎడమచేతిలోకి మారింది.

మూడో వారానికి కుడిచేతి వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. వ్యాయామానికిచ్చిన రబ్బరు బంతి మంచం కిందికి దొర్లిపోతే తియ్యమని కూడా అడగలేదు.

డాక్టరు ఒక్కొక్క వేలూ లాగి చూశాడు.

"చక్కగా దారికి వస్తున్న చెయ్యి. ఇంట్లో ఏం పని మాన్పించారు?"

కొడుకు నేల చూపులు చూశాడు.

"ఇంకో నెల ఇలాగే ఉంటే ఈ వేళ్ళు ఇక విచ్చుకోవు."

బయటికి రాగానే కొడుకు భార్యతో మెల్లిగా అన్నాడు. "ఆ తాత ఇల్లెక్కడో కనుక్కో. నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

సైకిళ్ళు బాగుచేసే కొట్లో అడిగితే ఇల్లు చూపించారు. తలుపు తీసింది ఆయన కూతురు.

"నాన్న పోయి తొమ్మిది రోజులైందండీ. గుండెపోటు."

వరండాలో, గోడవారన నీలం కుర్చీ కనిపించింది.

"అది మీ ఇంటికి చేర్చాల్సిందేనా? 'వాళ్ళ కోపం తగ్గాక చేర్చు' అని చెప్పారు నాన్న," అంది కూతురు.

కోడలు కుర్చీని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. గుమ్మానికి రాసుకుని దాని కాలి రంగు పెచ్చులూడింది.

మనవరాలు అక్కడ గోటితో గీకింది.

"అమ్మా, నీలం కింద ఎరుపుంది! దాని కింద ఆకుపచ్చ!"

ఇంకాస్త గీకితే నలుపు.

"అంటే... ఇన్నాళ్ళూ తెచ్చింది ఒక్క కుర్చీయేనా?" అన్నాడు కొడుకు.

"నాకు రెండోసారే తెలుసు. కాలికి ఈ పగులుందిగా. రంగు మారిస్తే పగులు మారుతుందా?" అంది అత్తగారు. ఎడమచేత్తో కుడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, వాటితో పేము కొసలు తడుముతోంది. అవి అరిగి తెగినవి కావు. కత్తెరతో కోసినవి.

"మరి చెప్పలేదేమమ్మా?"

"చెబితే తేవడం మానేసేవారు."



"బకెట్లో పేము వెయ్యవే తల్లీ. ఈసారి బాగా నాననీ," అంది ఆవిడ మనవరాలితో. తరువాత ముగ్గురినీ చూసి, గొంతు పెంచకుండానే చెప్పింది. "ఇది పూర్తవగానే ఆసుపత్రికి తీసుకెళ్తున్నా. వ్యాయామాల గదిలో టైలరమ్మ ఒకావిడ, చెయ్యి ఇక పనికిరాదని రోజూ ఏడుస్తోంది. ఆవిడకిస్తా."

"అల్లిన కుర్చీ ఆవిడకెందుకమ్మా?"

"అల్లింది కాదురా, కోసి ఇస్తా. పక్కన కూర్చుని అల్లిక నేర్పుతా. నా ఏడుపు సంగతి విని నాకు తెచ్చిచ్చిన ఆయనా జన్మంతా కుర్చీలల్లిన మనిషే... నేను ముడి తప్పినప్పుడల్లా, ఒళ్ళో ఉన్న ఆయన వేళ్ళు గాల్లోనే దాన్ని సరిచేసేవి."