మీకు తగిన చోటు కాదు

నాలుగు పడకలు. మనిషి ఒక్కడు.

నడవాలో వెళ్తూ పక్క కూపే తలుపు అద్దంలోంచి అది చూడగానే తూబాకి కడుపు మండింది. రైలు టెహరాన్ దాటి ఎంతో సేపు కాలేదు. కొడుకు కోసం మొక్కుకున్న ఇమామ్ దర్గా మష్హద్‌లో ఉంది, అక్కడికి చేరేసరికి పొద్దుగూకుతుంది. అందాకా ఆరుగురి కూపేలో కొడుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి.

ఇరుకు ఆమెకి కొత్త కాదు. భయమల్లా ఎదుటి సీటు ముసలమ్మ తుమ్ములంటేనే. ఆరేళ్ల బర్దియాకి రక్తంలో జబ్బు. మందులు ఆ జబ్బుతో పాటు వాడి సత్తువనీ ఊడ్చేశాయి. "ఎదుటివాళ్ల జలుబు కూడా వీడికి గండమే. జనంలో తిప్పకండి" అని డాక్టరు మరీ మరీ చెప్పి పంపాడు. మాస్కు పెడితే ఊపిరాడటం లేదని వాడు లాగేస్తున్నాడు. ముసలమ్మ మంచిదే. తుమ్మి, అదే చేత్తో రొట్టె తుంచి, "మీకు తగింది కాదమ్మా, అయినా తీసుకో" అంటూ పిల్లాడి నోటిదాకా తెచ్చింది.

తూబా వాణ్ణి ఎత్తుకుని నడవాలోకి వచ్చేసింది. బోగీ అటెండరు టీ గ్లాసులతో ఎదురయ్యాడు.

"బాబూ, ఆ కూపేలో మూడు పడకలు ఖాళీయే కదా?"

"ఖాళీ ఎక్కడిది ఖానమ్? దర్‌బస్త్. నాలుగింటికీ ఆయనే కట్టాడు. డబ్బు ఆయనది, గాలీ ఆయనదే."

"గాలి కూడా కొనుక్కుంటున్నారన్నమాట."

"డబ్బుంటే కొండమీద కోతయినా దిగొస్తుంది" అంటూ అతను సాగిపోయాడు.

టికెట్లు కొన్నప్పుడు తూబా కూడా దర్‌బస్త్ సంగతి అడిగింది. ధర విని నోరు మూసుకుంది. ఇప్పుడు పిల్లాడి తల భుజం మీద వాలిపోతోంది. సిగ్గు విడిచి తలుపు తట్టింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. నలభై ఏళ్ల మనిషి. ఖరీదైన కోటు, అరువు తెచ్చుకున్నదానిలా భుజాల మీంచి జారుతోంది. ఆమెని చూడగానే మెడలోని శాలువాని ముక్కు మీదికి లాక్కున్నాడు. పేదవాళ్ల వాసన గిట్టదు కాబోలు అనుకుంది తూబా.

"అన్నయ్యా, మా వాడికి ఒంట్లో బాగాలేదు. ఒక్క పడక ఇప్పించండి. నేను నేల మీద కూర్చుంటాను."

అతను పిల్లాడి వంక చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"ఇది మీకు తగిన చోటు కాదు ఖానమ్."

తూబా గుండె తేలికపడింది. ఆ మాట తెలియని చెవి ఇరాన్‌లో ఉండదు. కొట్టువాడు ధర చెప్పే ముందు అదే అంటాడు. ఇల్లాలు కుంకుమపువ్వు అన్నం వడ్డిస్తూ అదే అంటుంది. తగింది కాదంటే తీసుకోమనే. మనిషి పైకి కటువుగా ఉన్నా మర్యాద తెలిసినవాడే.

"ఎంత మాట. మాకిది మేడతో సమానం."

"మొహమాటానికి అనడం లేదు. నిజంగానే తగింది కాదు."

మొహమాటపడేవాళ్లందరూ అనే మాట కూడా అదే. తూబా నవ్వి, "మీ నీడ చల్లగా ఉండాలి అన్నయ్యా" అంటూ తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టింది.

అతను ఏదో చెప్పబోయాడు. అంతలో అటెండరు అటుగా వచ్చాడు. కోటు మనిషి గోడకి వీపు ఆనించి, ముఖం పక్కకి తిప్పుకుని వాళ్లని దాటుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. ఇచ్చాడు గానీ మాతో కలిసి కూర్చోవడానికి మనసొప్పలేదు అనుకుంది తూబా. పోనీ, ఎవరి గొప్ప వాళ్లది.

కింది పడక ఇంకా వెచ్చగానే ఉంది. ఆ దిండు మీదే బర్దియా తల పెట్టి, ఆ దుప్పటే మెడదాకా కప్పింది. ముసలమ్మ తుమ్ములు దూరకుండా తలుపు బిగించింది. వాడు క్షణంలో నిద్రపోయాడు. బిడ్డ అంత హాయిగా ఊపిరి తీసుకోవడం చూసి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

షాహ్‌రూద్‌లో నమాజు కోసం రైలు ఆగింది. తూబా గుప్పెడు ఖర్జూరాలు తీసుకుని అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. బోగీ చివర, తెరిచిన తలుపు దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆమె దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"పిల్లాడేడీ?"

"మీ దయవల్ల నిద్రపోతున్నాడు. తలుపు గట్టిగా బిగించే వచ్చాను."

అతని ముఖం పాలిపోయింది. "తలుపు తెరవండి. వాణ్ణి అక్కణ్ణుంచి తీసుకొచ్చెయ్యండి."

"ఇచ్చి మళ్లీ లాక్కుంటారా అన్నయ్యా? పసివాడు పడుకుంటే మీ పరుపు అరిగిపోతుందా?"

"అది కాదు..."

"మరేంటి?"

అటెండరు అందరినీ రైలెక్కమని, ఎక్కనివాళ్లని ఇక్కడే వదిలేస్తామని కేకేస్తున్నాడు. అతను అటెండరు వైపు చూశాడు. స్టేషను అవతలి బీడు వైపు చూశాడు. శాలువాని ముక్కు మీద ఇంకా బిగించుకున్నాడు. తూబా ఖర్జూరాలు ముసుగు కొంగులో వేసుకుని విసురుగా వెనక్కి వెళ్లింది. ఈసారి గడియ కూడా వేసింది.

మష్హద్‌లో దీపాలు వెలిగే వేళకి బర్దియా లేచాడు. "అమ్మా, ఆకలి" అన్నాడు. ఎన్నాళ్లకో వాడి నోట ఆ మాట. తూబా ఒళ్లు పులకరించింది. ఇమామ్ దర్గాకి మొక్కిన మొక్కు అప్పుడే సగం ఫలించినట్టనిపించింది. తను అన్న మాటలకి నొచ్చుకుంది కూడా. ఆ పుణ్యాత్ముడికి ఒక దండం పెట్టి వెళ్లాలి.

ప్లాట్‌ఫారం మీద అతను కనిపించాడు. ఎదురొచ్చిన తమ్ముడు చేతులు చాచి కావలించుకోబోతే అల్లంత దూరంలోనే ఆపేశాడు. తూబా కొడుకు చెయ్యి పట్టుకుని వాళ్ల వెనక్కి చేరేసరికి, తమ్ముడు కళ్లు తుడుచుకుంటూ అడుగుతున్నాడు:

"నాలుగు పడకలూ నువ్వే కొనుక్కున్నావు కదా అన్నయ్యా, నీ క్షయ ఎవరికీ అంటకుండానే వచ్చావు కదా?"