కాలువ గట్టు మీది ఊదా పూలు

"కలుపే," అన్నాడు పార్కుల ఆఫీసరు, ఫోన్ కెమెరాను మొక్కకేసి పట్టి. "పైగా పరదేశి కలుపు. ఇదిగో, ఫోనే చెబుతోంది."

పోయినేడు పైపుల కోసం కాలువ గట్టు తవ్వి పూడ్చిన చోట, మనిషెత్తున లేచాయి ఆ మొక్కలు. కొసన ఊదా రంగు పూల కంకులు. దోమలు పెరుగుతున్నాయని ఎదుటి అపార్ట్‌మెంటు వాళ్లు ఫిర్యాదు చేశారు. ఆఫీసరు పనివాళ్లను వెంటేసుకుని వచ్చాడు.

"పరదేశిది కాదు బాబూ."

మొక్కల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఉంది ఓ ముసలావిడ. వెలిసిపోయిన చీర, మోచేతుల దాకా బురద.

"ఆ పరదేశి మొక్క కాడ నున్నగా, గుండ్రంగా ఉంటుంది. దీన్ని పట్టుకుని చూడండి, నాలుగు పలకలు తెలుస్తాయి. ఆకు అడుగున నూగు కూడా ఉంది. ఇది మన మొక్కే. గింజ ఏళ్ల తరబడి మట్టిలోనే పడి ఉంటుంది, నేల తిరగేస్తే గానీ మొలవదు."

"ఏం చదివావు ముసలమ్మా?"

"ఈ మొక్కలే, బాబూ."

పనివాళ్లు కిసుక్కున నవ్వారు. ఆఫీసరుకు హుషారొచ్చింది.

"విన్నారా! ఇక నా డిగ్రీ కాలువలో పారేస్తా. రేపట్నుంచి ఈవిడే మీ ఆఫీసరు."

ఆమె నవ్వలేదు.

"పది రోజులాగండి. గింజ కట్టనివ్వండి."

"కడితే ఊరంతా ఇదే మొలుస్తుంది."

"పోనీ, ఒక్క కొమ్మ తీసుకుంటాను."

"మున్సిపాలిటీ స్థలం. ఆకు తుంచినా కేసు పెడతా. లే, లే!"

ఆమె లేవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ చెయ్యందించలేదు.

మధ్యాహ్నానికల్లా అన్నిటినీ వేళ్లతో సహా పెరికి, లారీకెత్తి, చెత్త కాల్చే చోటికి పంపించేశారు. ఫైలు మూయాలంటే ఇది పరదేశి కలుపేనని నిపుణులు రాసివ్వాలి. అందుకని ఆఫీసరు ఒక్క మొక్కను మాత్రం కాగితాల మధ్య నొక్కి, మొక్కల పరిశోధనాలయానికి పంపాడు.

నెల తిరక్కుండా అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. ఎవరో పెద్దాయన.

"ఇది అచ్చంగా మన నేల మొక్కయ్యా! దీని నమూనా ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. అక్కడ ఇంకా ఎన్ని ఉన్నాయి?"

"ఒక్కటీ లేదండీ... పీకించేశాను."

"ఎవరూ అడ్డు చెప్పలేదా?"

"ఎవరో మతి చెడిన ముసలిదండీ. మర్నాడు ఆఫీసుకొచ్చి ఏదో కాగితం కూడా ఇచ్చి పోయింది."

"చదవండి."

కాగితం ఫైలు అడుగున దొరికింది. ఇచ్చినప్పటి మడత ఇచ్చినట్టే ఉంది. విప్పాడు. పెన్సిలుతో గీసిన మొక్క బొమ్మ, ఆకు మీది నూగుతో సహా. దాని కింద సంతకం. ఆఫీసరు ఆ పేరు పైకి చదివాడు.

పెద్దాయన ఆ పేరు ఇంకోసారి చదివించుకున్నాడు.

"ఆవిడ పోయి ఇవాళ్టికి ఎనిమిది రోజులు," అన్నాడు. "ఇలాంటి మొక్క ఉందని ముప్పై ఏళ్ల కిందట మా దగ్గర పనిచేస్తూ రాసింది ఆవిడే. కట్టుకథలల్లుతోందని నవ్వి, ఉద్యోగం ఊడగొట్టినవాణ్ణి నేను."