కుడికాలి కట్టు

“ఏ కాలుతోని తంతడు?” అని అడిగాడు రేవణసిద్ధప్ప.

“గిదే కాలు కాకా. కుడిది. ఎడమది ఉత్త నిలబడెటందుకే,” అన్నాడు చెన్నబసప్ప.

మంచం మీద పడుకున్న మాణిక్ పళ్లు బిగబట్టి నవ్వాడు. చీలమండ వాచి బత్తాయంత అయింది.

చెన్నబసప్పకు జహీరాబాద్ స్టేషన్ రోడ్డు మీద సైకిల్ దుకాణం. ఊరి ఫుట్‌బాల్ టీము బంతికి చిల్లిపడితే అతికేది ఆయనే, గాలి కొట్టేది ఆయనే. పదేళ్లుగా ఒక్క ఆట తప్పలేదు. ఈ ఏడు టోర్నమెంటులో టీము ఎన్నడూ లేనంత పైకి వచ్చింది. ఆదివారం బీదర్ మీద గెలిస్తే ఫైనల్. సమానంగా ముగిసినా ఇంటికే. తీరా సమయానికి ఒకడికి భుజం జారింది, ఒకడికి మోకాలు తిరిగింది, ఇంకొకడు జ్వరంతో మంచం పట్టాడు. మిగిలిన ఆశ మాణిక్ ఒక్కడే. నిన్న ప్రాక్టీసులో అతనూ కూలబడ్డాడు.

తెల్లవారగానే ఎడ్లబండి అడిగి తెచ్చి, గడ్డి పరిచి, మాణిక్‌ను పడుకోబెట్టుకొని న్యాల్‌కల్ దాటి ఈ పల్లెకు వచ్చాడు చెన్నబసప్ప. ఇక్కడి నుంచి జహీరాబాద్ ఎంత దూరమో బీదర్ కూడా అంతే. బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయి ఆరేళ్లయినా, కాలు విరిగినా చేయి విరిగినా అటువాళ్లూ ఇటువాళ్లూ ఈ వాకిటికే వస్తారు.

“ఆట ఎవలతోని?” రేవణసిద్ధప్ప అడిగాడు.

“బీదరోళ్లతోని.”

ఆముదం రాస్తున్న చేయి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

“వాళ్ల గోల్‌కీపర్ ఎట్లాంటోడు?”

“ఏం చెప్పాలె కాకా, గోడ. మూడు ఆటలల్ల ఒక్క గోలు తినలే. మా మాణిక్ తంతె తప్ప బంతి వాని చేతులు దాటదు.”

“అంత మంచిగ ఆడతడా,” అని రేవణసిద్ధప్ప మీసం కింద నవ్వుకున్నాడు.

ఆట సంగతులు అడిగే వైద్యుడు దొరికినందుకు చెన్నబసప్పకు ప్రాణం లేచివచ్చింది.

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న రేవణసిద్ధప్ప భార్య బస్వమ్మ చేట కింద పెట్టింది.

“ఐతారం దాటినంక కడితె ఏం పోతది?” అన్నది, మొగుని వైపు చూడకుండా.

“తలుపు కాడికొచ్చిన కాలును వాపసు పంపద్దని మా నాయిన చెప్పిండు. నువ్వు గూడ విన్నవు.”

“విన్న. నాయిన్లు అన్నీ చెప్తరు,” అని చేట ఎత్తుకొని లోపలికి పోయింది.

చెన్నబసప్ప తల దించుకున్నాడు. ఎముకలు కట్టేందుకు పైసా తీసుకుంటే చేతి గుణం పోతుందని ఆ ఇంటి పట్టింపు. పొద్దంతా మొగుడు పరాయివాళ్ల కాళ్లు పట్టుకుంటే ఇల్లాలికి కోపం రాదా అనుకున్నాడు. పోయేముందు ఒక బెల్లం ముద్ద ఆమె ముందు పెట్టాడు.

“తీస్కపో బిడ్డా. బెల్లం మా ఇంట్ల గూడ ఉన్నది,” అన్నది బస్వమ్మ. అంటూనే ఇద్దరికీ జొన్నరొట్టెలు, పుంటికూర పెట్టి గానీ కదలనివ్వలేదు.

“నాలుగు దినాలు కాలు కింద పెట్టకు,” అని మాణిక్‌తో చెప్పాడు రేవణసిద్ధప్ప. “ఆటనాడు నేనే వచ్చి మళ్ల కడత. ఎంత బిగువుండాలెనో మీకు తెలువదు.”

పన్నెండు మైళ్లు వచ్చి ఊరికే కడతానంటున్నాడు. చెన్నబసప్ప వంగి ఆయన కాళ్లకు మొక్కాడు.

అన్నట్టే వచ్చాడు. మైదానం పక్కన బండి మీద కూర్చుని మాణిక్ కాలు ఒళ్లో పెట్టుకొని కట్టు కట్టాడు. అవతల బీదర్ గోల్‌కీపర్ రెండుసార్లు ఇటే చూశాడు. మాణిక్ దెబ్బ ఎంతో కొలుస్తున్నాడనుకున్నాడు చెన్నబసప్ప.

భుజం జారినవాడు కూడా చేయి మెడకు కట్టుకొని ఆటలో దిగి వెనక నిలబడ్డాడు. ఎనభై నిమిషాలు ఎవరికీ గోలు రాలేదు. అప్పుడు బంతి మాణిక్‌కు దొరికింది. ఇద్దరిని దాటాడు. గోల్‌కీపర్ ఎదురు దూకాడు. మాణిక్ కుడికాలితో తన్నాడు. ఇద్దరూ పడ్డారు. బంతి గుంజల నడుమ నుంచి తుమ్మచెట్ల దాకా పోయింది.

జనం గోల మధ్య రేవణసిద్ధప్ప బండి మీద లేచి నిలబడ్డాడు. “పడ్డోడు లేచిండా?”

“లేచిండు కాకా, ఉరుకుతుండు సూడు,” అని మాణిక్‌ను చూపించాడు చెన్నబసప్ప. ముసలాయన అటు చూడలేదు. గుంజల వైపే చూసి చూసి మెల్లగా కూర్చున్నాడు.

ఆట ముగిశాక చెన్నబసప్ప బంతిపూల దండ తెచ్చి ఆయన మెడలో వేశాడు. “గీ గోలు మాణిక్‌ది కాదు కాకా, నీది. సచ్చేదాక యాదుంచుకుంట.”

“పిలగాడు మంచిగ తన్నిండు,” అన్నాడు రేవణసిద్ధప్ప. “ఆపేటోడు గూడ మంచిగనే దుంకిండు.”

“బండిల ఇంటికాడ దింపొస్త, కూసో.”

“వద్దు బిడ్డా. నాకు తోడున్నది.”

చెన్నబసప్ప చుట్టూ చూశాడు. మోచేయి దోక్కుపోయిన బీదర్ గోల్‌కీపర్ ఒక్కడే బండి దగ్గరికి వచ్చి, వంగి, ముసలాయన చెప్పులు ఆయన కాళ్ల ముందు పెట్టాడు.

“కట్టు గట్టిగనే కట్టినవ్ నాయినా,” అన్నాడు.