తాళం వేసిన ఇళ్లు

"పదేళ్లలో ఇంత పెరగడం ఇదే మొదటిసారి!" గోడమీది గ్రాఫు చూసుకుని గణాంకాధికారి పొంగిపోయాడు. జిల్లాలోని ఇళ్లను ఆదాయాన్నిబట్టి తక్కువ నుంచి ఎక్కువకు వరసపెట్టి, సరిగ్గా నడుమ వచ్చే ఇంటి ఆదాయాన్ని ఏటా అందులో గుర్తుపెట్టడం ఆయన పని.

ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకొచ్చే ఆవిడ మాత్రం తలెత్తలేదు.

"ఏంటమ్మా, జనం బాగుపడితే నీకు సంతోషంగా లేదా?"

"ఎవరూ బాగుపడలేదు సార్. మిల్లు మూతపడ్డాక, వరసలో కిందుండేవాళ్లే ఊరొదిలి వెళ్లిపోయారు. మూడుసార్లు వెళ్లినా తాళమే కనబడితే ఆ ఇల్లు లెక్కలోంచి కొట్టెయ్యమని మీరే అన్నారుగా. కొట్టేశాను. అందుకే నడిమి ఇల్లు పైకి జరిగింది."

ఆయన నమ్మలేదు. కొట్టేసిన ఇళ్ల జాబితా లాక్కుని, ఒక్కో పేరు మీదా వేలుపెట్టి చూసుకుంటూ పోయాడు. రెండో పేజీ మధ్యలో వేలు ఆగిపోయింది.

"ఇది... మా చెల్లెలి ఇల్లు."

"అవును సార్. అక్కడికి మాత్రం నాలుగోసారి కూడా వెళ్లాను." ఆవిడ గొంతు తగ్గించింది. "మీకు చెప్పే వెళ్లుంటారనుకున్నా."