స్తంభం మీది చెవి

వెర్నెల్ టాలీకి ఇచ్చింది రెండు నిమిషాలు. మా సిటీ కౌన్సిల్ దయ అంతే. మేయర్‌ని కన్నతల్లి వచ్చి మొరపెట్టుకున్నా రెండు నిమిషాలే. ఆపైన మైకు కట్టేస్తారు.

ఆమెకు అరవై రెండేళ్లు. బడి వంటశాలలో పని. సెలవు పెట్టి, రెండు బస్సులు మారి వచ్చింది.

ఆ రోజు ఓటింగు ఒకే విషయం మీద. మా వీధుల్లో స్తంభాల మీద డబ్బాలున్నాయి. తుపాకీ పేలితే విని, ఎక్కడ పేలిందో పోలీసులకు చెప్పేస్తాయి. వాటిని ఉంచాలా, రేపే పీకేయాలా?

పీకేయాలన్నవాళ్లే హాలు నిండా ఉన్నారు. వాళ్ల బాధ వాళ్లది. ఆమెకు ముందు క్విన్సీ హోల్ట్ అనే కుర్రాడు మాట్లాడాడు.

"జులై నాలుగున, స్వాతంత్ర్య దినం పండక్కి, మా తమ్ముడు టపాకాయ కాల్చాడు. తుపాకీ పేలిందంది డబ్బా. ఆరుగురు పోలీసులొచ్చి వాణ్ణి రోడ్డు మీద బోర్లా పడేశారు. పదమూడేళ్లోడు సార్! చెవి ఒక్కటి ఉంటే చాలా, బుర్ర అక్కర్లేదా?"

చప్పట్లు మోగిపోయాయి.

వెర్నెల్ మైకు పట్టుకుంది.

"మాది కెల్లమ్ వీధి. డబ్బాలు తియ్యకండి బాబూ. మీ కాళ్లు పట్టుకుంటాను."

"పోలీసులకి చుట్టానివా ఏంటి?" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆమె వినిపించుకోలేదు.

"ఆరేళ్ల కిందట, బడి వదిలే వేళ. మా వాకిట్లోనే ఒక పిల్లాడి తొడలో తూటా దిగింది. రక్తం కాలవ కట్టింది. ప్రతి కిటికీ వెనకా మనిషున్నాడు. ఫోన్ చేసినవాడు ఒక్కడు లేడు. చేస్తే పేరు బయటపడుతుంది, తర్వాత కాల్చినవాళ్లు ఇంటి మీదికొస్తారు. మీకు తెలీనిదేం కాదు. ఆ డబ్బా ఒక్కటే చెప్పింది. నాలుగు నిమిషాల్లో పోలీసులొచ్చారు. ఇంకో పది నిమిషాలైతే పిల్లాడు దక్కేవాడు కాదన్నాడు డాక్టరు."

హాలు మెత్తబడింది. ముందు వరసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. పాపం, ఆ పిల్లాణ్ణి కన్నకడుపు కదా అనుకున్నారందరూ.

సభాపతి డన్‌లీవీ కళ్లజోడు సర్దుకున్నాడు. "అప్పుడు మీరెక్కడున్నారమ్మా?"

"వాడి పక్కనే. తొడ మీద నా స్వెట్టర్ అదిమిపట్టి కూర్చున్నా."

"మీ దగ్గర ఫోన్ లేదా?"

"జేబులో ఉంది."

"చెయ్యలేదా?"

"చెయ్యలేదు."

హాల్లో గోల మొదలైంది. "ఛీ, అదేం తల్లి!" అంది కళ్లు తుడుచుకున్నావిడే.

క్విన్సీ లేచాడు. "భయపడ్డావు పెద్దమ్మా, తప్పులేదు. మళ్లీ అలా జరిగితే చేస్తావుగా? చేతిలో ఫోన్ ఉండగా స్తంభానికి డబ్బా దేనికి?"

"చెయ్యను నాయనా. నా సంగతి నాకు తెలుసు. రోజూ అద్దం ముందు నిలబడి అడుగుతున్నా, చేస్తావటే ముసలీ, చేస్తావటే అని. చెయ్యలేను. దేవుడి మీద ఒట్టు, నావల్ల కాదు. అందుకే ఆ డబ్బా..."

గంట కొట్టారు. మైకు కట్టేశారు. వెర్నెల్ పెదాలు కదులుతూనే ఉన్నాయి. గార్డు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే విదిలించుకుని బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది.

"ఆగండి సార్," అన్నాడు క్విన్సీ. "తర్వాత పేరు మా అమ్మది. ఆ రెండు నిమిషాలూ ఈవిడకివ్వండి. అమ్మా, ఏమంటావ్?"

అతని తల్లి మూతి విరిచింది. అయినా తలూపింది. మైకు మళ్లీ పలికింది.

"చెప్పు పెద్దమ్మా. కళ్లముందు పిల్లాడు చస్తున్నా ఫోన్ చెయ్యలేదు. రేపు ఇంకొకడు పడిపోయినా చెయ్యనంటున్నావు. ఆరేళ్లు ఊరుకుని, ఇవాళ ఈ డబ్బా కోసం ఇంత ఏడుపెందుకు?"

వెర్నెల్ మైకుని రెండు చేతులా దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు కాల్చింది నా కొడుకే నాయనా, శుక్రవారం జైలు నుంచి ఇంటికొస్తున్నాడు."