గరిటె ఎవరి చేతికి?

కొత్తగా తెరిచిన జపాన్ హాట్‌పాట్ హోటల్లో బల్ల మీదే పొయ్యి వెలిగించి, పచ్చి కూరగాయలూ మాంసమూ మన ముందు పడేసి పోతారని పక్కింటావిడ వీధంతా చాటిందట. "ఈ పూట అమ్మకి వంట తప్పిద్దాం" అంటూ కొడుకు అక్కడికే తీసుకొచ్చాడు.

గిన్నెలో నీళ్లు తెర్లగానే గరిటె తల్లి చేతిలో పెట్టాడు. భర్త పచ్చి ముక్కలున్న పళ్లెం ఆమె ముందుకు నెట్టి, "కానీవే, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. గరిటె మొగుడి ముందు పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

"నేను తినడానికొచ్చాను. వండేది మీరే."

"బాగుంది వరస! ఉప్పు చాలిందో లేదో, ముక్క ఉడికిందో లేదో మాకేం తెలుస్తుందే?"

"పెళ్లైన నాటి నుంచీ ఉప్పు చాల్లేదనీ, ముక్క ఉడకలేదనీ వంకలు పెడుతూనే ఉన్నారుగా. అవన్నీ తెలియకుండానే పెట్టారా?"